అర్ధణా నీలం ఏ నీలం? పాత స్టాంపుల రంగులపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో స్టాంపుల రంగుల గురించి అడిగినవే ఎక్కువ. మొదటి ప్రశ్నకు కాస్త పొడుగ్గా జవాబు రాశాను, మిగతావాటికి అవసరమైనంత.

ప్రశ్న: సార్, మా ముత్తాతగారి ట్రంకు పెట్టెలో విక్టోరియా రాణి బొమ్మ ఉన్న అర్ధణా నీలం స్టాంపులు పదకొండు, నారింజ రంగు రెండణాల స్టాంపులు మూడు దొరికాయి. రెండణాలవాటిలో ఒకటి బాగా గోధుమరంగులో ఉంది. కేటలాగ్‌లో పసుపు, నారింజ, గోధుమ నారింజ అని మూడు పేర్లు, మూడు ధరలు. అర్ధణావాటికైతే ఇంకా ఎక్కువ పేర్లు. ట్యూబ్‌లైటు కింద ఒకలా, పగలు ఇంకోలా కనిపిస్తుంటే టెన్షన్‌గా ఉంది. ఏది ఏదో ఎలా తేల్చుకోవాలి? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ గోధుమరంగు స్టాంపు సంగతి. అది ఆ రంగులోనే అచ్చయిందా, లేక నారింజ రంగుదే ఇన్నేళ్ళలో నల్లబడిందా అన్నది తేలేదాకా ధర చూడకండి.

రెండణాల స్టాంపును, అదే మన బేడ స్టాంపును, 1865 నుంచి ఏనుగు తల వాటర్‌మార్క్ (వెలుగుకి పట్టి చూస్తే కాగితంలోనే కనిపించే గుర్తు) ఉన్న కాగితం మీద లండన్‌లో డి లా రూ కంపెనీ అచ్చువేసింది. మీరు చెప్పిన మూడు రంగులూ నిజంగానే ఉన్నాయి. ఒకే స్టాంపును ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వేస్తున్నప్పుడు ప్రతిసారీ సిరా కొత్తగా కలపాలి, ఏటా పెట్టే ఆవకాయకు ఒకే ఎరుపు రానట్టే ఒకసారి కలిపిన సిరా రంగు ఇంకోసారి అచ్చంగా రాదు. అయితే చిక్కు ఎక్కడంటే, ఆ కాలపు పసుపు, నారింజ, ఎరుపు సిరాల్లో చాలావాటిలో సీసం ఉండేది. బొగ్గు పొగలోనో మురుగు కాలవ దగ్గరి గాలిలోనో ఉండే గంధకపు వాయువు తగిలితే ఆ సీసం కాస్తా సీసం సల్ఫైడ్ అవుతుంది, దాని రంగు నలుపు. అలా నారింజ స్టాంపు గోధుమరంగుకి, ఇంకా ముదిరితే దాదాపు నలుపుకి తిరుగుతుంది. కలెక్టర్లు దీన్ని ‘ఆక్సిడైజ్ అయింది’ అంటారు గానీ ఇది ఆక్సిజన్ చేసే పని కాదు, గంధకం చేసే పని. అందుకే ఆల్బమ్‌లకు, స్టాంపుల కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేయకండి, రబ్బరులోనూ గంధకం ఉంటుంది.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకుని చూడండి. అచ్చులోనే గోధుమ నారింజగా వచ్చినదైతే రంగు అంతటా ఒకే తీరుగా ఉంటుంది. తర్వాత మారినదైతే చాలాసార్లు మచ్చలు మచ్చలుగా ఉంటుంది, అంచుల్లో, స్టాంపు చుట్టూ ఉండే పళ్ళ కొనల్లో ఎక్కువగా నల్లబడి, లోపలి గీతల్లో ఎక్కడో ఒకచోట పాత నారింజ మిగిలి కనిపిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూస్తే పాత రంగు తిరిగి వస్తుందని మీకు ఎవరైనా చెప్పొచ్చు. నల్లటి సల్ఫైడ్ తెల్లటి సల్ఫేట్‌గా మారుతుంది కాబట్టి ఆ మాటలో నిజం ఉంది, కానీ పోస్టాఫీసు ముద్ర, కాగితం, మిగిలిన సిరా ఏమవుతాయో మన చేతిలో ఉండదు. నా సలహా, ఆ జోలికి పోవద్దు. గోధుమ నారింజ అని చెప్పి ఒక డీలరు అమ్మిన బేడ స్టాంపును నేను కొన్నేళ్ళు మంచి పేజీలో పెట్టుకున్నాను. ఆ తర్వాత భూతద్దంలో సరిగ్గా చూస్తే రాణిగారి జుట్టు గీతల మధ్య నారింజ కనిపించింది. చాలా బాధపడ్డాను. అందుకే ఈ విషయం ఇంత సాగదీసి చెబుతున్నాను.

ఇక షేడ్ ఎలా పట్టాలి అంటే, మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళే ఆడవాళ్ళని చూడండి. రంగు పేరు చెప్పి జాకెట్ గుడ్డ తెచ్చుకోరు, చీరే పట్టుకెళతారు, గుడ్డని దానిమీద వేసి, రెండూ కలిపి కొట్టు గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుగులో చూస్తారు. స్టాంపుకీ అచ్చం అదే పద్ధతి. కేటలాగ్‌లో ‘ముదురు నీలం’ అన్న మాట చదివి మన మనసులో ఉన్న ముదురు నీలంతో పోల్చుకుంటే తప్పుతాం, ఎందుకంటే ఎవరి మనసులో నీలం వాళ్ళది. షేడ్ ఖాయంగా తెలిసిన స్టాంపు పక్కన మీ స్టాంపు పెట్టాలి. ఉత్తరపు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడనిచోట, పొద్దున పదింటి తర్వాత చూడండి. నల్ల అట్ట ముక్కకి చిన్న చిన్న కంతలు రెండు చేసి రెండు స్టాంపుల మీదా పెడితే చుట్టూ ఉన్న తెలుపు, ముద్ర మసి కంటికి అడ్డురావు. కాగితం పసుపెక్కిందో లేదో వెనక్కి తిప్పి చూడండి, పసుపెక్కిన కాగితం మీద నీలం కాస్త ఆకుపచ్చగా కనిపించి మోసం చేస్తుంది.

పోల్చడానికి స్టాంపులు ఎక్కడివి అంటారా, చిరిగినవి, పళ్ళు ఊడినవి చవగ్గా దొరుకుతాయి. చిరిగినా రంగు రంగే కదా. వాటిలో తేదీ చదవగలిగిన ముద్ర ఉన్నవి ఏరుకోండి, ఏ ఏడాది ఏ షేడ్ వాడకంలో ఉందో అవి సాక్ష్యం చెబుతాయి. నాకైతే అచ్చు రంగుల చార్టు కంటే ఇలాంటి పది పాత స్టాంపుల మీదే నమ్మకం ఎక్కువ.

అర్ధణా నీలాల్లో ముందు చూడాల్సింది రంగు కాదు. చుట్టూ పళ్ళు ఉన్నాయా లేవా చూడండి. పళ్ళు లేకుండా కత్తెరతో కోసినవైతే 1854 నాటివి కావచ్చు (పళ్ళు కత్తిరించేసినవి కూడా ఉంటాయి, మార్జిన్ చూసుకోండి). వాటిని కలకత్తాలో సర్వేయర్ జనరల్ ఆఫీసులో, కెప్టెన్ థుల్లియర్ చూసుకోగా, రాతి మీద నుంచి అచ్చుతీశారు. అర్ధణాని ముందు సింధూరం రంగులో మొదలుపెట్టారు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆ సిరా అయిపోయింది, ఇక్కడి సిరా వాడితే అచ్చు రాళ్ళు పాడయ్యాయి, దాంతో నీలానికి మారారు. ఆ నీలంలో కేటలాగ్‌లు లేత నీలం, నీలం, ముదురు నీలం, నీలిమందు రంగు అని విడగొడతాయి, మూడో డైలో (డై అంటే అచ్చుకి మూలంగా చెక్కిన బొమ్మ) ఆకుపచ్చ తిరిగిన నీలం కూడా ఉంది. ఏ డై అన్నది రాణిగారి జుట్టుముడి, అంచు గీతల్ని బట్టి ముందు తేల్చుకుంటే, మీరు ఎంచుకోవాల్సిన షేడ్‌లు రెండు మూడుకి తగ్గిపోతాయి. పళ్ళు ఉన్నవైతే తర్వాతి ఏళ్ళవి, వాటికి వాటర్‌మార్క్ చూడండి. 1882లో వచ్చిన కొత్త అర్ధణా స్టాంపు రంగు నీలం కాదు, నీలం కలిసిన ఆకుపచ్చ.

ప్రశ్న: మా దగ్గర నిజాం కాలపు హైదరాబాద్ అర్ధణా స్టాంపులు ఇరవై దాకా ఉన్నాయి. డిజైన్ ఒకటే, తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి, కానీ కొన్ని ఇటుక రంగు, కొన్ని జేగురు, ఒకటి గులాబీ ఎరుపు. కొన్ని నకిలీలా? – ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: కంగారుపడకండమ్మా, రంగు తేడా ఒక్కటే అయితే నకిలీ అనుకోవాల్సిన పని లేదు. హైదరాబాద్ రాజ్యం మొదటి స్టాంపు 1869లో వచ్చిన ఆలివ్ పచ్చ అణా స్టాంపు. మీరు చెబుతున్నది 1871లో మొదలైన వరస, 1900 దాటాక కూడా వాడకంలో ఉంది. అన్నేళ్ళ అచ్చుల్లో నారింజ గోధుమ, ఇటుక ఎరుపు, గులాబీ ఎరుపు, ఎర్ర గోధుమ అన్నీ వచ్చాయి, కేటలాగ్‌లో అన్నీ విడివిడిగానే ఉన్నాయి. ఇరవై స్టాంపులు ఉండటం మీ అదృష్టం. తెల్ల కాగితం మీద అన్నీ పరిచి, లేత నుంచి ముదురుకి వరసగా పేర్చండి, అవే గుంపులుగా విడిపోతాయి. పేర్లు ఆ తర్వాత పెట్టొచ్చు. ఇక మన ఊరి స్టాంపు మీద మన అక్షరం చూసుకోవడంలో ఉన్న సంతోషానికి ధరతో పనిలేదు, నేను ఇప్పటికీ అవి కనిపిస్తే ఆగి చూస్తాను.

ప్రశ్న: ఫోన్‌లో ఫొటో తీసి రంగు చెప్పే యాప్‌తో చూస్తే సరిపోదా? – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: సరిపోదు బాబూ. ఫోన్ కెమెరా వెలుతురుని బట్టి రంగుల్ని తనంతట తనే సర్దేస్తుంది, అదే స్టాంపుని పసుపు బల్బు కింద, తెల్ల బల్బు కింద తీస్తే రెండు జవాబులు వస్తాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటో చూసి ఖరీదైన షేడ్ అని నమ్మవద్దు. ఫోన్ పనికొచ్చేది ఒకందుకు, తెలిసిన స్టాంపుని, తెలియని స్టాంపుని పక్కపక్కన పెట్టి ఒకే ఫొటోలో తీస్తే రెండింటి మధ్య తేడా ఎంతో చూసుకోవచ్చు. బాగా ఖరీదైన షేడ్ అని అనుమానం ఉంటే మాత్రం నిపుణుల సర్టిఫికెట్ తెప్పించుకోవాలి.

ప్రశ్న: కవరు కాగితం ఊడదీద్దామని ఆకుపచ్చ బ్రిటిష్ స్టాంపుని నీళ్ళలో వేశాను, రంగు వెలిసిపోయింది. ఇది అరుదైన షేడ్ అవుతుందా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అవదండి. ముద్ర కడిగేసి స్టాంపుని మళ్ళీ వాడకుండా ఉండాలని కావాలనే నీళ్ళకి కరిగిపోయే సిరాలు వాడేవాళ్ళు, బ్రిటన్‌లో 1883, 1884ల్లో వచ్చిన లిలాక్ (లేత ఊదా), ఆకుపచ్చ వరస అందుకు పేరుపడింది. పోయిన రంగు తిరిగి రాదు. మీ దగ్గర అలాంటివి ఇంకా కవర్ల మీద ఉంటే కవరుతో పాటే ఉంచేయండి, లేదంటే చుట్టూ కాగితం వదిలి కోసుకోండి, నీళ్ళు మాత్రం తగలనివ్వకండి.