సీరియల్ రైటర్ లైఫ్ ఎలా ఉంటుంది? ఆరేళ్లు డైలాగులు రాసిన అనుభవంతో

"సీరియల్ రైటర్ అవుదామనుకుంటున్నా, ఆ లైఫ్ ఎలా ఉంటుంది" అని అడిగారు కదా, నేను ఆరేళ్లు డైలాగులు రాసి ఈ మధ్యే మానేశా, అందుకే ఉన్నదున్నట్టు చెప్తా.

ముందుగా, కథ మన చేతిలో ఉండదండి. కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, మనవి మాటలు మాత్రమే. చాలాసార్లు ఆ కథ కూడా ఇక్కడిది కాదు, అంత పేరొచ్చిన కార్తీకదీపమే మలయాళం కరుత్తముత్తుకి రీమేక్. నాకు మొదట తగిలింది కూడా రీమేకే, ఆ భాష ఒక్క ముక్క రాదు, సబ్‌టైటిల్స్ చూస్తూ, అక్కడ పెళ్లితంతు వస్తే అది తీసేసి మన జీలకర్ర బెల్లం పెట్టి రాసేవాణ్ణి.

అసలు పని ఆర్టిస్టుల డేట్లతోనే. ఒకరోజు పొద్దున ఆరున్నరకి డైరెక్టర్ ఫోన్, అత్త వేషం వేసే ఆవిడకి జ్వరం, రాదు, కోడలూ ఆడపడుచూ ఉన్నారు, హాలు సెట్ ఒక్కటే ఉంది, చూడు అన్నాడు. నేను రాసిపెట్టిందేమో అత్తాకోడళ్ల గొడవ! ఎపిసోడ్ బ్యాంకింగ్ లేదు, అంటే ముందే తీసి దాచుకున్న ఎపిసోడ్లు లేవు, షూట్ ఆపే ప్రసక్తే లేదు. అత్త గదిలో తలుపేసుకుని కూర్చుంది, పిలిచినా పలకట్లేదు అని మార్చి, గొడవంతా కోడలి చేత మూసిన తలుపుతో ఆడించా. చానెల్ వాళ్లకి అది తెగ నచ్చేసి ఇంకో మూడు ఎపిసోడ్లు అత్తని గదిలోనే ఉంచమన్నారు. పాపం ఆవిడ జ్వరం తగ్గి వచ్చి మేకప్ రూమ్‌లో కూర్చుంది.

ఇంకోటి, మన హీరోయిన్లు చాలామంది కన్నడ వాళ్లు, అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాంప్టింగ్ ఇస్తుంటే, అంటే పక్కనుంచి డైలాగ్ అందిస్తుంటే, విని చెప్తారు, తర్వాత డబ్బింగ్. మొదట్లో నేను "నువ్వు చేసిన పనికి మీ నాన్న బతికుంటే తల ఎక్కడ పెట్టుకునేవాడో ఆలోచించావా" అని గుక్కతిప్పుకోకుండా రాస్తే ప్రాంప్టింగ్ కుర్రాడొచ్చి "అన్నా, నాకే ఊపిరాడట్లా, ముక్కలు చెయ్" అన్నాడు. అప్పట్నుంచి "మీ నాన్న బతికుంటే? తల ఎక్కడ పెట్టుకునేవాడు? ఆలోచించావా?" అంతే. ఆ గ్యాపుల్లోనే ముగ్గురి మొహాల మీద క్లోజప్పులు పడతాయి, మీరు నవ్వుకునేవి అవే.

గురువారం వచ్చే బార్క్ రేటింగ్, అదే సీరియల్‌ని ఎంతమంది చూశారో చెప్పే లెక్క, తగ్గిందా, నెల రోజులకి అనుకున్న కథ ట్రాక్ బుట్టదాఖలు.

డబ్బులు ఎపిసోడ్ లెక్కన, అదీ రెండు మూడు నెలలు ఆలస్యంగా. 2020 లాక్‌డౌన్‌లో మార్చి నుంచి జూన్ దాకా షూటింగుల్లేవు, పైసా లేదు. ఒక నిర్మాణ సంస్థ అయితే సీరియల్ ఆపేసి నాకు రావాల్సిన 42 ఎపిసోడ్ల డబ్బు ఎగ్గొట్టింది, అడిగితే "చూద్దాం సార్" అంటారు, ఇప్పటికీ అదే మాట.

ఇవన్నీ విన్నా వస్తానంటే కథలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరక్కండి, ఎవరో ఒక డైలాగ్ రైటర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరండి, రెండేళ్లు టైటిల్స్‌లో పేరు పడదని ఇంట్లో ముందే చెప్పేయండి. మా అమ్మ రోజూ టీవీ ముందు కూర్చుని వెతికేది.