సెల్ఫీలో ముక్కు, రీల్‌లో కండలు

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. సెల్ఫీ తీసుకోవడం, ముక్కు లావుగా ఉందని ఏడుస్తూ చెరిపేయడం, రోజూ ఇదే పని. పెద్దయ్యాక ఆపరేషన్ చేయించమంటోంది. అంతా ఫోన్ మాయ అంటే వినదు.

జవాబు: సెల్ఫీలో ముక్కు లావుగా కనిపించే మాట నిజమేనండీ, ఆ సంగతి ముందు ఒప్పుకోండి. ఫోన్ దగ్గరగా ఉంటే చెవుల కంటే ముక్కు కెమెరాకు బాగా దగ్గరవుతుంది. దగ్గరున్నది పెద్దగా పడుతుంది. అయిదడుగుల నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే అడుగు దూరం సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా సర్జన్లు లెక్కగట్టారు.

చేసి చూపించండి. అమ్మాయిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్ ముక్కు ఎత్తులో పట్టుకుని, వెనక కెమెరాతో అడుగు దూరం నుంచి ఒకటి, అయిదడుగుల నుంచి ఒకటి తీయండి. జూమ్ వద్దు. రెండో ఫొటోలో ముఖం మొదటి దాని సైజుకు వచ్చేలా కత్తిరించి పక్కపక్కన పెట్టండి. దగ్గరి ఫొటోలో చెవులు బుగ్గల వెనక్కి పోయినట్టుంటాయి. కిటుకంతా అక్కడే బయటపడుతుంది. ముందు కెమెరాలో బ్యూటీ సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి.

అయితే కిటుకు తెలిసినంత మాత్రాన పోల్చుకోవడం ఆగదు. ప్రకటనల్లో మోడల్ ఒంటి ఆకారాన్ని మార్చితే ఆ మాట ఫొటో మీదే రాయాలని ఫ్రాన్స్ 2017 నుంచి, నార్వే 2022 నుంచి నిబంధన పెట్టాయి. మంచిదే. కానీ ఇలాంటి హెచ్చరికలు చూశాక కూడా ఆడపిల్లల అసంతృప్తి పెద్దగా తగ్గలేదని చాలా పరిశోధనల్లో తేలింది. చూసే మోతాదు తగ్గిస్తే మాత్రం ఫలితం కనిపించింది. 17 నుంచి 25 ఏళ్ల వాళ్లు మూడు వారాలు సోషల్ మీడియాను రోజుకు గంటకు పరిమితం చేసుకుంటే, తమ రూపం, బరువు గురించి వాళ్ల అభిప్రాయం మెరుగుపడిందని 2023లో కెనడా పరిశోధకులు చెప్పారు. ఫోన్ లాక్కోకండి, ఆ మూడు వారాల ఒప్పందం చేసుకోండి. తిట్టుకుంటూ చూసినా ఫీడ్‌కు అది ఇష్టం కిందే లెక్క, మళ్లీ అలాంటివే తెస్తుంది. అందుకే ‘ఆసక్తి లేదు’ నొక్కడం అలవాటు చేయండి. అన్నట్టు, మీరు అద్దం ముందు నిలబడి మీ పొట్టను తిట్టుకుంటుంటే ఆమె వింటూనే ఉంటుంది.

ప్రశ్న: నాకు 16. మూడు నెలలుగా జిమ్‌కు వెళ్తున్నాను. రీల్స్‌లో వాళ్లలా కండలు రావడం లేదు. ఏదైనా వాడాలా?

జవాబు: ఏమీ వాడకు బాబూ. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో బలం పెరిగినా, అందులో ఎక్కువ భాగం నరాలు పని నేర్చుకోవడం వల్లే. కండ ఆ తర్వాత మెల్లగా కనిపిస్తుంది. పైగా మగపిల్లలకు ముందు ఎత్తు సాగుతుంది, కండ ఆ వెనకే పడుతుంది. నువ్వు చూసే రీల్ సాధారణంగా వ్యాయామం అయిన వెంటనే, రక్తం చేరి కండలు ఉబ్బినప్పుడు, పైనుంచి పడే లైటు కింద తీసింది. ‘ముందు-తర్వాత’ ఫొటోలు రెండూ ఒకే పూట తీయొచ్చు: ఒకదాంట్లో పొట్ట వదిలేస్తారు, ఇంకోదాంట్లో బిగబడతారు.

స్టెరాయిడ్లు ఈ వయసులో ఎముకల చివర ఉండే ఎదుగుదల పొరలను ముందే మూసేస్తాయి, ఎత్తు అక్కడితో ఆగిపోతుంది. వృషణాలూ కుంచించుకుపోతాయి. కండల కోసం అమ్మే కొన్ని పొడుల్లో డబ్బా మీద రాయని మందులు కలిసిన సందర్భాలూ ఉన్నాయి. వారానికి రెండు మూడు రోజులు, భంగిమ చెడకుండా 10 నుంచి 15 సార్లు ఎత్తగలిగే బరువుతో చెయ్యి. అది తేలికయ్యాకే 5 నుంచి 10 శాతం పెంచు.

ప్రశ్న: ఇలాంటి పిల్లలను డాక్టర్ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్లాలి?

జవాబు: ఒకే లోపం గురించి రోజుకు గంటకు పైగా ఆలోచిస్తుంటే, దాని వల్ల బడి, స్నేహితులు దూరమవుతుంటే మానసిక వైద్యులను కలవండి. నెలసరి ఆగినా, కళ్లు తిరిగి పడిపోతున్నా, తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంటున్నా ఆలస్యం చేయొద్దు. సన్నబడాలని గొంతులో వేళ్లు పెట్టి వాంతి చేసుకునే పిల్లలకు వేళ్ల కణుపుల మీద కాయలు కాస్తాయి, ముందుపళ్ల లోపలివైపు ఎనామిల్ అరిగిపోతుంది. అందుకే ఒక్కోసారి అందరికంటే ముందు కనిపెట్టేది పళ్ల డాక్టరే.