జయాన్‌లో జనసందోహం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మే నెలాఖరు లాంగ్ వీకెండ్‌లో యూటాలోని జయాన్ నేషనల్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. అత్తమామలతో కలిపి ఆరుగురం. షటిల్ బస్సులున్నా అంత రద్దీ ఎందుకు? ఎన్నింటికల్లా చేరుకోవాలి?

జవాబు: పార్కు పెద్దదే. కానీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది దూరేది ఒక్క ఇరుకు లోయలోకే. అందులో ఉన్న ఒక్క రోడ్డూ లోపలే ఆగిపోతుంది, వెళ్లిన దారినే వెనక్కి రావాలి. 1997లో 24 లక్షల మంది వచ్చినప్పుడే కార్లు పెట్టుకునే చోటు చాల్లేదు. 2000లో షటిల్ మొదలుపెట్టి, అది నడిచే రోజుల్లో ఆ రోడ్డు మీదికి సొంత కార్లు రాకుండా చేశారు. 2021లో సందర్శకులు 50 లక్షలు దాటారు. షటిల్ తగ్గించింది కార్లనే, మనుషుల్ని కాదు. పార్కింగ్‌లో ఉండే క్యూ బస్టాపుకి మారిందంతే.

పొద్దున ఏడు లోపే విజిటర్ సెంటర్ చేరండి. ఎనిమిది, తొమ్మిదికల్లా పార్కింగ్ నిండిపోతుంది. ఆలస్యమైతే అక్కడే చక్కర్లు కొట్టకండి. పక్కనున్న స్ప్రింగ్‌డేల్‌లో డబ్బులు కట్టి కారు పెట్టి, ఊరి షటిల్‌లో గేటు దాకా వస్తే సరి. రెండు షటిళ్లూ ఉచితమే.

బస్సెక్కాక మధ్యలో దిగకుండా నేరుగా చివరి స్టాపు, అంటే తొమ్మిదోదైన టెంపుల్ ఆఫ్ సినవావాకి వెళ్లండి. అక్కడి రివర్‌సైడ్ వాక్ పెద్దవాళ్లకీ వీలైన దారి, ఒకవైపు మైలు. తర్వాత ఒక్కో స్టాపూ చూసుకుంటూ కిందికి రండి. సాయంత్రం దాకా పైనే ఉంటే నారోస్ (నది నీళ్లలోనే నడుచుకుంటూ వెళ్లే ఇరుకు లోయ) నుంచి తడి బూట్లతో తిరిగొచ్చేవాళ్లతో బస్సులు అక్కడే నిండుతాయి, ఇక మధ్య స్టాపుల్లో ఉన్నవాళ్లు చూస్తూ నిలబడాల్సిందే. చివరి బస్సు తప్పితే మైళ్లకొద్దీ నడకే. దిగగానే ఆ రోజు టైమింగ్స్ ఫొటో తీసుకోండి.

ప్రశ్న: ఏంజెల్స్ లాండింగ్ కొండ ఎక్కడానికి అక్కడికెళ్లాక పర్మిట్ దొరుకుతుందా?

జవాబు: గేటు దగ్గర ఇవ్వరు. 2022 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ లాటరీ పెట్టారు. సీజన్ లాటరీ నెలల ముందే అయిపోతుంది. అది తప్పితే వెళ్లే ముందు రోజు మధ్యాహ్నం 3 లోపు (మౌంటెన్ టైమ్) ఇంకో లాటరీకి దరఖాస్తు చేయండి, 4 గంటలకి ఫలితం వస్తుంది. ఒక దరఖాస్తుకి 6 డాలర్లు, అందులోనే ఆరుగురి దాకా చేర్చవచ్చు. కాబట్టి అందరూ విడివిడిగా కట్టక్కర్లేదు. దొరికితే మనిషికి మరో 3 డాలర్లు. ఓడినా ఆ 6 డాలర్లు తిరిగి రావు. చాలామంది బోల్తా పడేది టైమ్ స్లాట్ దగ్గర. తొమ్మిది లోపు, తొమ్మిది నుంచి పన్నెండు, ఆ తర్వాత అని మూడు ఉంటాయి, అది గ్రోటో స్టాపు దగ్గర నడక మొదలుపెట్టాల్సిన సమయం.

ఆ దారి మధ్యలో వచ్చే స్కౌట్ లుకౌట్ దాకా పర్మిట్ అక్కర్లేదు. గొలుసులు పట్టుకుని ఎక్కే భాగం ఆ పైనే. అత్తమామలు మీతో ఉన్నారు గనుక మా సలహా, అక్కడితో ఆగిపోండి.

ప్రశ్న: జనం తక్కువుండే వైపు ఏదైనా ఉందా?

జవాబు: కోలోబ్ కాన్యన్స్, ఇదే పార్కులో ఇంకో భాగం. ఐ-15 హైవే మీద 40వ ఎగ్జిట్, స్ప్రింగ్‌డేల్ నుంచి గంట ప్రయాణం. షటిల్ లేదు, సొంత కారే. అదే ఎంట్రన్స్ పాస్ చెల్లుతుంది. లోపల తిండి, పెట్రోలు దొరకవు, ముందే చూసుకోండి.