పాయింట్లు ఎన్ని అని అడిగేది ఎవరో ముందు చూసుకో

చిరంజీవి ప్రవీణ్‌కు ఆశీస్సులు.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసయ్యావనీ, థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం ఆఫీసు వాళ్ళతో పెన్సిల్వేనియా అడవికి వెళ్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. అసలు సంగతికి ముందు ఒక్క మాట. నువ్వింకా హెచ్-1బీ మీదే ఉన్నావు. ఆ వీసా వాళ్ళు తుపాకీ పట్టుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అందుకని లైసెన్సు జేబులో పడేదాకా స్నేహితుడి రైఫిల్ కూడా ముట్టుకోకు.

ఇక కొమ్ముల లెక్క. మన నల్లమలలో చుక్కల దుప్పికైనా కణుజుకైనా మామూలుగా ఒక్కో కొమ్ముకి మూడే కొసలు. పైగా 1972 చట్టం వచ్చాక వేట నేరం కాబట్టి ఈ లెక్కతో అక్కడ ఎవరికీ పనిలేదు. అమెరికాలో ఈ కొసల్నే పాయింట్లంటారు. అక్కడి వైట్‌టెయిల్ జింక కొమ్ము ఆ మూడు దగ్గర ఆగదు. అదే కొమ్ముల జతకి క్యాంపులో ఒక లెక్క, వేట నిబంధనలు చూసే అధికారి వార్డెన్ దగ్గర ఒక లెక్క, రికార్డు పుస్తకంలో ఇంకో లెక్క. ఎవరు అడుగుతున్నారో తేల్చుకోకుండా అంకె చెప్పావంటే తంటా అక్కడే మొదలవుతుంది.

కొమ్ము భాగాలు గుర్తుపెట్టుకో. పుర్రెకి అతికిన చోట చుట్టూ గరుకుగా ఉబ్బి ఉండేది బర్. అక్కడినుంచి పైకి లేచి, పక్కకి విచ్చుకుని, ముందుకు వంగి వచ్చే లావుపాటి కాడ మెయిన్ బీమ్. దాని మీద నిలబడే పంగలు టైన్లు. కంటికి దగ్గర్లో, అన్నిటికంటే కింద లేచేది బ్రౌ టైన్. కొలిచేవాళ్ళు దాన్ని జీ-1 అంటారు, తర్వాతవి వరసగా జీ-2, జీ-3, జీ-4. బీమ్ కొస కూడా ఒక పాయింటే. కొత్తవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది దాన్నే.

తూర్పు రాష్ట్రాల్లో రెండు వైపులా కలిపి చెబుతారు. "ఎయిట్ పాయింటర్" అంటే ఒక్కో పక్క బ్రౌ టైన్, జీ-2, జీ-3, బీమ్ కొస. పడమటి రాష్ట్రాల్లో ఒక్క పక్కనే లెక్కపెడతారు. అక్కడి ఇంకో జింక జాతి మ్యూల్ డీర్‌కి బ్రౌ టైన్ చిన్నదిగా ఉంటుంది, ఒక్కోసారి అసలుండదు, అందుకని చాలామంది దాన్ని వదిలేస్తారు. కొలరాడో మనిషి "ఫోర్ పాయింట్" అన్నది పెన్సిల్వేనియా లెక్కలో ఎనిమిదో పదో అవుతుంది. రెండు పక్కలా సమానంగా లేకపోతే "నాలుగు బై అయిదు" అని చెప్పడం మేలు. ఎక్కడివాళ్ళకైనా అర్థమవుతుంది.

ఎంత పొడవుంటే పాయింటు? ఉంగరం తగిలిస్తే జారకుండా నిలిచేదల్లా పాయింటేనని పాత వేటగాళ్ళ మాట. క్యాంపు కబుర్లకి అది చాలు, చట్టానికి చాలదు. పెన్సిల్వేనియాలో మొదలు నుంచి కొసకి కనీసం ఒక అంగుళం ఉండాలి. బీమ్ కొసకి మాత్రం పొడవుతో పనిలేదు, ఎంతున్నా లెక్కే.

ఆ రాష్ట్రంలో 2002 నుంచి కొమ్ముల నిబంధన ఉంది. వేట కోసం రాష్ట్రాన్ని యూనిట్లుగా విడగొట్టారు. చాలా యూనిట్లలో ఏదో ఒక పక్క మూడు పాయింట్లుంటే చాలు, బ్రౌ టైన్ కూడా కలుస్తుంది. పశ్చిమాన ఉన్న కొన్ని యూనిట్లలో బ్రౌ టైన్ కాకుండా మూడు ఉండాలి. నువ్వుండే పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఈ రెండోదే. ఒక్కో పక్క బ్రౌ టైన్, జీ-2, బీమ్ కొస ఉన్న సిక్స్ పాయింటర్‌ని తీసుకో. రాష్ట్రం మధ్యలో దాన్ని కొట్టొచ్చు, మీ ఇంటి దగ్గర కొట్టకూడదు. బక్ అంటే మగ జింక అదే, యూనిట్ గీత దాటితే చట్టం మారిపోతుంది. పిల్లలకీ మరికొందరికీ సడలింపులున్నాయి, నీకు వర్తించవు. లైసెన్సుతో వచ్చే ఆ ఏటి నిబంధనల పుస్తకం డైజెస్ట్‌లో మీ యూనిట్ పేజీ చూసుకునే బయల్దేరు. పక్కవాడు "మూడుంటే చాలు" అన్నాడని నమ్మకు, వాడు వేటాడే యూనిట్ వేరేది కావచ్చు.

అడవిలో లెక్కకి చిన్న సూత్రం ఉంది. బ్రౌ టైన్‌కీ బీమ్ కొసకీ మధ్య ఒక పక్క నిటారుగా నిలబడ్డవి ఎన్నో చూడు. ఒకటుంటే సిక్స్, రెండుంటే ఎయిట్, మూడుంటే టెన్. రెండో పక్కా అలాగే ఉండి, బ్రౌ టైన్లు రెండూ ఉంటేనే ఇది పనిచేస్తుంది. మీ యూనిట్‌కైతే ఇంకా తేలిక. బ్రౌ టైన్ మాట మరిచిపోయి, ఒకే పక్క నిటారుగా రెండు కనబడితే బీమ్ కొసతో మూడయ్యాయి. ఆ రెండూ అంగుళానికి తగ్గకుండా ఉన్నాయో లేదో చూడు.

పొరపాటు ఎక్కువగా జరిగేది బక్ పక్కకి తిరిగి నిలబడ్డప్పుడు. రెండు కొమ్ములూ ఒకదాని మీద ఒకటి పడి, అవతలి కొమ్ము టైన్ ఇవతలిదాని మీద ఉన్నట్టే కనిపిస్తుంది. ఒక్క పక్క నాలుగు చూశాననుకుంటావు, ఉండేవి రెండే. తల కొంచెం తిప్పేదాకా ఆగు. కొమ్ములు విడిపోయి ఏది దేనిదో తెలుస్తుంది. తిన్నగా ఎదురుగా ఉంటే ఇంకో చిక్కు: బీమ్ కొసలు నీవైపే చూస్తుంటాయి కాబట్టి ఆ పాయింట్లు కనబడవు. బ్రౌ టైన్లు నుదుటి వెంట్రుకల్లో, చెవుల్లో కలిసిపోతాయి. అది మేతకి తల దించినప్పుడు చూడటం మంచిది, బ్రౌ టైన్లూ జీ-2లూ వేరువేరుగా బయటపడతాయి. వెనక ఎండుకొమ్మలుంటే మాత్రం తల కదిలించేదాకా ఏదీ ఖాయం చేసుకోకు. తలతోపాటు కదిలేదే కొమ్ము, కదలనిది చెట్టుది.

లెక్క బైనాక్యులర్‌తోనే పెట్టు. ఎనిమిది ఇంటూ నలభై రెండు (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) సరిపోతుంది, పొద్దున చీకటి విడకముందు కూడా వెలుగు బాగా పట్టిస్తుంది. రైఫిల్ స్కోపుతో లెక్కపెట్టే అలవాటు కొందరికి ఉంది, పరమ చెడ్డ అలవాటు. పొదల వెనక కదిలేది మనిషైతే గొట్టం అతని మీద పెట్టినట్టే. ఒక పక్క స్పష్టంగా లెక్క తేలకపోతే తుపాకీ ఎత్తకు. కొట్టాక ఒకటి తగ్గిందని తెలిస్తే దాచొద్దు, వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర సంస్థ గేమ్ కమిషన్‌కి వెంటనే నువ్వే ఫోన్ చెయ్యి.

టెక్సస్‌లో ఉన్న మీ చిన్నాన్న పిలిచాడని ఈ లెక్కనే అక్కడికి మోసుకెళ్ళకు. అక్కడ కొమ్ముల నిబంధన ఉన్న కౌంటీల్లో పాయింట్లు కాదు, రెండు బీమ్‌ల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలుందా అని చూస్తారు. లేదా కనీసం ఒక కొమ్ము చీలకుండా ఉండాలి. చెవులు నిక్కించినప్పుడు ఆ కొస నుంచి ఈ కొసకి దాదాపు అంతే కాబట్టి, బీమ్‌లు చెవుల బయటికి వచ్చాయా అన్నదే అక్కడి కొలత. నన్నడిగితే అదే తెలివైన పద్ధతి. పాయింట్లు వయసు చెప్పవు. ఏడాదిన్నర బక్‌కి చీలని కొమ్ములూ ఉండొచ్చు, ఎనిమిది పాయింట్లూ ఉండొచ్చు. వయసు కావాలంటే కింది దవడ పళ్ళ అరుగుదల చూడాలి.

మంచి కొమ్ములు దొరికితే కొలవాలనిపిస్తుంది. 1887లో మొదలైన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ 1950లో ఖాయం చేసిన పద్ధతి అందరూ వాడేది. పావు అంగుళం వెడల్పున్న స్టీలు టేపు, పెన్సిలు, కాగితం కావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు దాకా రాసుకో. టైనే లేకపోతే బీమ్ పై అంచు ఎక్కడ సాగేదో అక్కడ పెన్సిలుతో గీత గియ్యి, ఆ గీత నుంచి బయటి వంపు వెంట కొసదాకా కొలువు. అంగుళానికి తగ్గితే పాయింటు కాదు. అంగుళం దాటినా ఇంకో పరీక్ష ఉంది: కొస నుంచి ఒక అంగుళం, లేదా అంతకంటే కింద, ఏదో ఒక చోట పొడవు వెడల్పుని మించాలి. అంగుళంపావు పొడవుండి, అడుగున అంగుళంన్నర వెడల్పున్న బుడిపె అనుకో. చూడగానే తీసేద్దామనిపిస్తుంది. కొస నుంచి సరిగ్గా అంగుళం కిందికి వచ్చి అడ్డంగా కొలిస్తే ఎనిమిదింట ఏడు వంతులే వచ్చిందా, అది పాయింటే.

బీమ్ పైనుంచి లేచినవి మామూలు పాయింట్లు. పక్కనుంచి, అడుగునుంచి, ఇంకో టైన్ మీదనుంచి లేచినవి అసాధారణ పాయింట్లు. టిపికల్ (మామూలు ఆకారపు కొమ్ముల) స్కోరులో వాటి పొడవు తీసేస్తారు, నాన్-టిపికల్‌లో (వింత ఆకారపు కొమ్ములకి) కలుపుతారు. ఎన్ని అన్న అంకె కాగితం మీద రాస్తారే గానీ స్కోరులో కలవదు. బీమ్ కొసని పాయింటుగా లెక్కపెడతారు, టైన్‌గా కొలవరు, దాని పొడవు బీమ్‌లో ముందే వచ్చేసింది కదా. బీమ్ పొడవులు, టైన్ పొడవులు, ఒక్కో కొమ్ముకి నాలుగు చోట్ల చుట్టుకొలత, లోపలి వెడల్పు కలిపి, రెండు పక్కల మధ్య తేడాలు తీసేస్తే నికర స్కోరు. అందుకే పొడవాటి టైన్లున్న ఎయిట్ పాయింటర్ ముందు పొట్టి టైన్ల టెన్ పాయింటర్ ఓడిపోవచ్చు. వైట్‌టెయిల్ టిపికల్‌కి క్లబ్ శాశ్వత జాబితాలో చోటు 170 నుంచి మొదలు. 1993లో కెనడా సస్కాచెవాన్‌లో దొరికిన రికార్డు బక్ స్కోరు 213 5/8. ఆ మధ్య దూరం చూసి నీ బక్ స్కోరు క్యాంపులో ఎంత చెప్పాలో నువ్వే అంచనా వేసుకో.

కొట్టిన రోజే వేసిన స్కోరు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కొమ్ము ఆరేకొద్దీ కుదించుకుంటుంది, అధికారిక కొలతకి మామూలు గది వేడిలో 60 రోజులు ఆరాలి. పుర్రె ముక్క చీలిపోకుండా జాగ్రత్త, చీలితే లోపలి వెడల్పు నమ్మరు. నువ్వు కొలిచింది కాగితం మీద రాసి నాకు ఫోటో పెట్టు, బీమ్ గీతలు సరిగ్గా గీశావో లేదో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న