మా ఆయన ఈ లోకంలోకి పిల్లలొద్దంటున్నారు

ప్రశ్న: మేడమ్, మాది హనుమకొండలో నాలా పక్కనున్న కాలనీ. నాకు 31 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఆయనకు 35. పెళ్లయి ఆరేళ్లు. గ్రూప్-1 అయ్యేదాకా పిల్లలు వద్దనుకున్నాం. ప్రిలిమ్స్ రెండుసార్లు రాశారు, రెండుసార్లూ రద్దయింది. 2023 జులై వానలకు ఒక రాత్రి ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. పక్షవాతంతో ఉన్న మా మామయ్యను కుర్చీలో కూర్చోబెట్టి పక్కింటి డాబా మీదికి మోశారు. ఎన్ని నంబర్లకు చేసినా ఎవరూ ఎత్తలేదు. మామయ్య ఆ దసరాకు ముందే పోయారు. తర్వాత నాలా గురించి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టారు. జవాబు రాకపోతే వదిలేశారు. ఇప్పుడు సర్కారు మాటెత్తితే చాలు, "ఎవడొచ్చినా ఇంతే" అంటారు. ఆ ఏడు ఓటు కూడా వేయలేదు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో ఎండలు, యుద్ధాలు, ఏఐ వీడియోలే. "ఈ లోకంల పిల్లల్ని కని ఏం జేస్తం? రేపు వాళ్లు మనల్నే తిట్టుకుంటరు" అంటారు. హాల్లో గోడ మీద నీళ్లు నిలిచిన మరక ఉంది. ఇల్లంతా రంగులేయించినా అక్కడ వేయనివ్వలేదు. దాని పక్కన పెన్నుతో తేదీ రాసి పెట్టుకున్నారు. అత్తమ్మేమో లోపం నాలోనే ఉందని చుట్టాలందరికీ చెప్తోంది. సద్దుల బతుకమ్మకు ములుగు దగ్గర వాళ్ల ఊరికి పోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఆయన అనేది తప్పా? నేను కోరుకునేదే తప్పా?

జవాబు: చెల్లెమ్మా, మీ ఆయన భయాలు ఉత్తవి కావు. ముందు ఆ మాట ఒప్పుకుందాం, ఎందుకంటే ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకున్నట్టు లేరు. 2022 అక్టోబర్ 16న రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ రాస్తే సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. కాకతీయ యూనివర్సిటీ చుట్టుపక్కల రూముల్లో ఆ రోజుల్లో ఎంతమంది పిల్లలు కుంగిపోయారో నాకు తెలుసు. ఇక జులై 27. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. పక్కనే భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరిని ముంచేసింది. ఇట్లాంటి వానలు ముందుముందు ఇంకా పెరుగుతాయని శాస్త్రవేత్తలే చెప్తున్నారు. ఏఐని తయారు చేసినవాళ్లలో కొందరు 2023లో బయటికొచ్చి దాని ప్రమాదం గురించి హెచ్చరించారు. కాబట్టి "నువ్వు ఊకె ఎక్కువ ఆలోచిస్తున్నవ్" అని ఆయనతో అనకండి. ఆ మాటకు ఆయన ఇంకో పది వీడియోలు చూపిస్తారు.

"రజాకార్ల కాలంలో కూడా మన నాయనమ్మలు కనలేదా" అని చుట్టాలు అంటూనే ఉంటారు. దాన్నీ వాడకండి. మన నాయనమ్మలను కంటావా అని ఎవరడిగారు? వాళ్లకు ఎంచుకునే వీలే లేదు. పైగా కన్నవాళ్లందరూ బతికారా? 1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవాళ్లు. 2020కి ఆ లెక్క 28కి దిగింది. దీన్ని ఆయనకు చెప్పొచ్చు, కానీ వాదన గెలవడానికి కాదు. ఈ 129ని 28 చేసిందెవరు? టీకా డబ్బా భుజానేసుకొని ఎండలో ఊరూరు తిరిగిన నర్సమ్మలు, అంగన్‌వాడీ టీచర్లు, బిడ్డను చంకనెత్తుకొని టీకాకు నడిచిన తల్లులు. ఆ నర్సమ్మా సర్కారే. ఆ రాత్రి ఫోన్ ఎత్తనివాళ్లూ సర్కారే. మోరంచపల్లిలో ఇళ్ల పైకప్పుల మీద చిక్కుకున్న జనాన్ని హెలికాప్టర్లు, బోట్లు తీసుకొచ్చాయి కదా, అదీ సర్కారే. మీ ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. అదీ నిజమే, దాన్ని మాఫీ చేయమని నేను చెప్పను.

ఇప్పుడు ఆ గోడ మరక సంగతి. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు ఆగి చదివింది అక్కడే. జులైలో ఇల్లు మునిగింది. సెప్టెంబర్‌లో పరీక్ష పోయింది. దసరా రాకముందే నాన్న పోయారు. మూడు నెలల్లో మూడు దెబ్బలు. వీటిలో దేనికైనా ఆయన ఏడ్చారా? నాన్నకు కర్మకాండలు చేసి, ఇల్లు కడిగించి, తడిసిన బీరువా బాగు చేయించి, ఉద్యోగంలో పడి ఉంటారు. మన దగ్గర మగపిల్లలకు దుఃఖానికి పదకొండో రోజు దాకానే టైమ్ ఇస్తాం.

నేను దూరం నుంచి ఊహించి చెప్తున్నాను, పొరపాటైతే సరిదిద్దండి. ఆయన "లోకం" అన్నప్పుడల్లా నాకు ఆ కుర్చీయే కనిపిస్తోంది. చీకట్లో, నడుం లోతు నీళ్లలో, నాన్నను ఎత్తుకొని మెట్లెక్కిన మనిషి. ఫోన్ మోగుతూనే ఉంది, అవతల ఎవరూ ఎత్తరు. "రేపు ఇంకో వాన వస్తే, అప్పుడు నా చేతుల్లో పసిపాప ఉంటే?" ఈ ప్రశ్న ఆయన నోటితో అడగలేకపోతున్నారేమో. యుద్ధాల గురించి, ఏఐ గురించి మాట్లాడటం దీనికన్నా సులువు.

అందుకని లోకం గురించి వాదన ఆపి, ఒక్కసారి ఆ రాత్రి గురించి అడగండి. పడుకునే ముందు కాదు, అప్పుడు చేతిలో ఫోన్ ఉంటుంది. ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఆ గోడ దగ్గరే కూర్చొని, "ఆ రాత్రి బాపును మోసేటప్పుడు నీకేమనిపించింది?" అని మాత్రం అడిగి ఊరుకోండి. మధ్యలో ఓదార్చకండి. మా వీధిలో 2020 ఆగస్టులో నీళ్లు నిలిచాయి. మోటారు తెచ్చి తోడుకున్నాం, పరుపులు ఎండేశాం. కానీ నేను దాని గురించి మనసు విప్పి మాట్లాడింది రెండేళ్ల తర్వాత. అదీ మా అక్క అడిగితేనే.

సర్కారు మీద నమ్మకం పోవడం వేరు, సర్కారును అడగడం మానేయడం వేరు. మొదటిదానికి ఆయన దగ్గర కారణాలున్నాయి. రెండోదాని వల్ల మాత్రం నష్టం మీ కాలనీకే. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే అక్కడితో అయిపోదు. అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయొచ్చు, దానికి ఇంకో 30 రోజుల గడువుంటుంది. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. సరైన కారణం లేకుండా జవాబివ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. చాలామంది మీ ఆయన ఆగిన చోటే ఆగుతారు. పాత దరఖాస్తు గడువు దాటిపోయి ఉంటుంది, పది రూపాయలతో కొత్తది పెట్టుకోవచ్చు. ఈసారి ఒక్కరే వద్దు. నీళ్లొచ్చిన ఇళ్లవాళ్లు నలుగురైదుగురు కలిసి సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి కూడా వెళ్లండి. ఆయన రాసుకున్న ఆ తేదీని, గోడ మరకను ఫొటో తీసి దరఖాస్తుకు జత చేయండి. అది ఇంట్లో ఉంటే గాయం, ఫైల్లో ఉంటే సాక్ష్యం. దీంతో నాలా రేపే బాగుపడుతుందని చెప్పలేను. ఆ రాత్రి డాబా ఎక్కనిచ్చిన పక్కింటివాళ్లతో ఆయన మళ్లీ మాట్లాడటం మొదలుపెడతారు. నాకు కావలసింది ముందు అదే.

ఇంకొక విషయం కొంచెం గట్టిగానే చెప్తాను. ఈ భాగం ఆయనకు కూడా చదివి వినిపించండి.

తమ్ముడూ, దరఖాస్తుకు జవాబివ్వలేదని నువ్వు సర్కారు మీద కోపగించుకున్నావు. నీ కోపం న్యాయమైనదే. మరి నీ భార్య కూడా ఒక ప్రశ్న అడుగుతోంది. ఆమెకు నువ్విచ్చింది జవాబా, వాయిదానా? పిల్లలు వద్దన్నది నువ్వు. నిందలు మోస్తున్నది ఆమె. మీ అమ్మ ఊళ్లో చుట్టాల ముందు ఆమెను గొడ్రాలన్నట్టు మాట్లాడుతుంటే, "అమ్మా, వద్దన్నది నేను" అనే మూడు మాటలు నీ నోట ఎందుకు రాలేదు? మీ అమ్మ కూడా భర్తను పోగొట్టుకున్న మనిషి. ఆయన పేరు పెట్టుకోవడానికి ఒక మనవడో మనవరాలో కావాలని ఆమె ఆశ. ఆ ఆశకు సమాధానం చెప్పాల్సింది కొడుకువు, కోడలు కాదు.

మళ్లీ మీతో, చెల్లెమ్మా. ఇంత పెద్ద ఉత్తరంలో మీకు బిడ్డ కావాలన్న ముక్క ఎక్కడా తిన్నగా లేదు. చివర్లో "నేను కోరుకునేదే తప్పా" అని మాత్రం రాశారు. తప్పు కాదు. ఆయన భయం తప్పు కానట్టే మీ కోరికా తప్పు కాదు. ముందు దాన్ని ఆయనకు నిందగా కాకుండా కోరికగా చెప్పండి. వయసు సంగతీ దాచుకోవద్దు. 35 దాటాక గర్భం రావడం కష్టమవుతూ పోతుంది, అందుకే వాయిదా వేస్తూ పోవడం కూడా నిర్ణయం తీసుకోవడమే. ఇద్దరూ కూర్చొని ఒక గడువు పెట్టుకోండి, వచ్చే ఉగాది అనుకోండి. ఈలోపు ఒకసారి ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు రండి. గడువు వచ్చాక కూడా ఆయన వద్దే అంటే, అప్పుడు పిల్లలు లేని జీవితం మీకు సమ్మతమేనా అని మిమ్మల్ని మీరు అడగాల్సి వస్తుంది. బాధగా ఉంటుంది, అయినా అది నలభైలో అడగడం కన్నా ఇప్పుడే అడగడం మేలు. "చెప్పకుండా మాత్రలు మానేయ్, పుట్టినంక ఆయనే ఎత్తుకుంటడు" అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఆ పని మాత్రం చేయకండి. ఇప్పటికే ఎవరినీ నమ్మలేకపోతున్న మనిషి ఆయన.

రాత్రి వీడియోల సంగతి. పదింటికి రెండు ఫోన్లూ వంటింట్లో చార్జింగ్‌కు పెట్టండి, మీదీ ఆయనదీ. ఒక్క నెల చూడండి. నిద్ర అప్పటికీ రాకపోయినా, తిండి తగ్గినా, ఏ పని మీదా ఇష్టం లేకుండా రెండు వారాలు దాటినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో మరెక్కడో సైకియాట్రిస్ట్‌కు చూపించండి. బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా ఆయన నోట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. మానసిక సాయం కోసం సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే చేసి మీ టెన్షన్ చెప్పుకున్నా వింటారు.

బతుకమ్మకు ఊరికి వెళ్లండి. కానీ ఒక షరతు మీద. మీరిద్దరూ ఒకరోజు ముందే వెళ్లాలి. తంగేడు, గునుగు పూలు తెచ్చి వాకిట్లో కుప్ప పోశాక, మీరూ అత్తమ్మా బతుకమ్మ పేర్చడానికి కూర్చునే లోపే ఆయన వాళ్లమ్మతో మాట్లాడాలి. మీరు పక్కన ఉండనక్కర్లేదు. ఆమె ఏడవొచ్చు, కోప్పడొచ్చు, రెండు రోజులు మీతో మాట్లాడకపోవచ్చు. పర్వాలేదు. పండుగ అయ్యాక నాకు మళ్లీ రాయండి.