ఆ గదిలో అడిగిన ప్రశ్నలు

విజయవాడ,
ఆదివారం సాయంత్రం

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఉత్తరంలో మేడమ్ అని రాశావు. పిన్నీ అను, చాలు.

మొదలు బాగుంది. ఒక ఇల్లు, రాత్రి తొమ్మిదిన్నర, లైంగిక నేరాల కేసులు చూసే డిటెక్టివ్‌ల మీద టీవీలో ఒక డాక్యుమెంటరీ వస్తోంది. ఇంట్లో అందరూ కంచాలు ముందు పెట్టుకుని చూస్తున్నారు. తెరమీద డిటెక్టివ్ ఆ అమ్మాయిని గద్దించగానే నీ కథలో తండ్రికి ఒళ్ళు మండిపోతుంది, తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంది, అన్నయ్య "ఇలాంటి పోలీసుల్ని ఉద్యోగంలోంచి పీకెయ్యాలి" అంటాడు. నా పెన్సిల్ అక్కడ ఆగింది. ముగ్గురూ నువ్వు కోరుకున్నట్టే మాట్లాడారు. మన ఇళ్ళల్లో అలా జరగడం నేను చూడలేదమ్మా. నేను చూసిన ఇళ్ళల్లో ముందు రిమోట్ కోసం చెయ్యి సాగుతుంది. "భోజనాల దగ్గర ఇవేంటి, మార్చు" అంటారు ఒకరు. ఇంకొకరు, చాలాసార్లు ఆడవాళ్ళే, "అయినా ఆ టైములో ఆ పిల్ల ఒక్కతే అక్కడికి ఎందుకెళ్ళింది?" అంటారు. ఆ మాట నీ కథలో ఎక్కడా లేదు. ఈ ఉత్తరం రాస్తున్నదే దాని గురించి.

నీకు ఒక నిజమైన డాక్యుమెంటరీ సంగతి చెప్పాలి. 1982 జనవరి 18న బీబీసీలో ‘పోలీస్’ అనే సిరీస్‌లో ‘ఎ కంప్లైంట్ ఆఫ్ రేప్’ అనే భాగం ప్రసారమైంది. తీసింది రోజర్ గ్రేఫ్, చార్లెస్ స్టీవర్ట్. లండన్‌కి పడమటి వైపున్న రీడింగ్ పట్టణంలో, థేమ్స్ వ్యాలీ పోలీసుల వెంట తిరిగి తీశారు. ప్రత్యేకంగా లైట్లు పెట్టలేదు, ఎవరినీ కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేయలేదు, జరిగినదాన్ని మళ్ళీ చేసి చూపించమని అడగలేదు. తన మీద అత్యాచారం జరిగిందని చెప్పుకోవడానికి ఒక స్త్రీ స్టేషన్‌కి వచ్చింది. ముగ్గురు మగ డిటెక్టివ్‌లు ఆమెని ప్రశ్నించారు. ఆమె ముఖం మనకి కనపడదు. కనపడేది వాళ్ళు. నువ్వు చెప్పేది నమ్మం అని ఆమె మొహం మీదే అన్నారు. ఆమె మానసిక వైద్యం సంగతి తవ్వారు, మగవాళ్ళతో పాత పరిచయాల గురించి అడిగారు. నేను దాని గురించి మొదట చదివాను, చూసింది చాలా ఏళ్ళ తర్వాత. చూస్తున్నంతసేపూ నా చేతులు చల్లబడిపోయాయి. అక్కడ ఎవరూ ఆమె మీద చెయ్యి చేసుకోలేదు. ఊరికే అడిగారు, అంతే.

మర్నాటి నుంచి బ్రిటన్‌లో దుమారం రేగింది. పత్రికలు రాశాయి, పార్లమెంటులో చర్చకొచ్చింది. మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన మాటని జనం ఒక్క రాత్రిలో కళ్ళతో చూశారు. కొన్ని నెలల్లోనే రీడింగ్‌లో ఇలాంటి కేసులకి మహిళా అధికారులతో ప్రత్యేక బృందం పెట్టారు. అత్యాచార ఫిర్యాదులు ఎలా తీసుకోవాలో చెబుతూ 1983లో హోం ఆఫీస్ అన్ని పోలీసు దళాలకీ సర్క్యులర్ పంపింది. 1986లో మాంచెస్టర్‌లోని సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో, ఇలా దెబ్బతిన్నవాళ్ళకి వైద్యమూ కౌన్సెలింగూ ఒకేచోట దొరికే కేంద్రం మొదలైంది. ఆ దేశంలో అదే మొదటిది. చూసినవాళ్ళ కోపానికి అంత పని చేసే బలం ఉంది. అది మర్చిపోకు.

కానీ రచయితగా నువ్వు ఆగాల్సిన చోటు ఇంకొకటుంది. ఆ డిటెక్టివ్‌లకి గదిలో కెమెరా ఉందని తెలుసు. తెలిసీ అలాగే అడిగారు. అంటే దాచుకోవాల్సిన పనేదీ తాము చేయడం లేదని వాళ్ళ నమ్మకం. పోలీసుల్ని ఉన్నది ఉన్నట్టు చిత్రీకరించమని తలుపు తెరిచినవాడు అప్పటి చీఫ్ కానిస్టేబుల్, అంటే ఆ పోలీసు దళానికే అధిపతి, పీటర్ ఇంబర్ట్. నిజం ఎవరు చెబుతున్నారో, అబద్ధం ఎవరు చెబుతున్నారో గద్దిస్తేనే తేలుతుందని ఆ ముగ్గురూ అనుకున్నారు. అది వాళ్ళు నేర్చుకున్న ఉద్యోగం. నీ కథలో డిటెక్టివ్‌కి ఎర్రటి కళ్ళు, కరకు గొంతు, పాన్ మరకల పళ్ళు పెట్టావు. తీసెయ్. ఇంటికెళ్ళి కూతురికి లెక్కలు చెప్పే మనిషిని పెట్టు. అప్పుడు నీ పాఠకుడికి తప్పించుకునే దారి ఉండదు.

ఇంకో సంగతి. సరిగ్గా ఆ 1982 జనవరిలోనే ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ కోర్టులో బెర్‌ట్రాండ్ రిచర్డ్స్ అనే జడ్జి ఒక అత్యాచార కేసులో దోషిని జైలుకి పంపకుండా రెండు వేల పౌండ్ల జరిమానాతో వదిలేశాడు. రాత్రిపూట రోడ్డు మీద లిఫ్ట్ అడిగిన ఆ పదిహేడేళ్ళ అమ్మాయి తప్పు కూడా చాలా ఉందన్నాడు. చూశావా, ఆ గదిలో డిటెక్టివ్‌లు అడిగిన ప్రశ్న కోర్టులో జడ్జి నోట కూడా ఉంది. నీ కథలో తల్లి నోట కూడా ఉండాలి. ఆమె చెడ్డదని కాదు. కూతుర్ని చీకటి పడకముందే ఇంటికి రమ్మని ఇరవై ఏళ్ళుగా చెబుతున్న తల్లి ఆమె. ఆ పిల్ల వెళ్ళకుండా ఉంటే జరిగేది కాదు అనుకుంటేనే, తన పిల్లకి ఏమీ కాదని ఆమెకి ధైర్యం. ఆ భయాన్ని రాయి. ఆమెని తిట్టకుండా రాయి.

ఇది ఎక్కడో ఇంగ్లండ్‌లో నలభై ఏళ్ళ కిందటి ముచ్చట అని నువ్వు అనుకోవు, నాకు తెలుసు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో పోలీసులే ఒక స్త్రీ మీద అత్యాచారం చేశారు, ఆమె భర్తని కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. విచారణ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఆమె నడవడిక చుట్టూనే తిరిగింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయింది. 1981లో అక్కడి కోర్టు పోలీసుల్ని నిర్దోషులని వదిలేసింది. అక్కడ కెమెరా లేదు.

మన స్టేషన్లలో ఒక కానిస్టేబుల్ ఉంటాడు, అతన్ని రైటర్ అంటారు. నువ్వూ నేనూ రాసేవాళ్ళమే, అతనూ రాసేవాడే. పత్రికలో పనిచేసిన రోజుల్లో ఆ బల్లల పక్కన చాలాసార్లు కూర్చున్నాను. ఒక ఆడమనిషి ఏడుస్తూ, మధ్యలో ఆగిపోతూ, ముందుది వెనకా వెనకది ముందూ చెబుతుంది. అతను రాస్తాడు: "నేను పైన తెలిపిన చిరునామాలో కాపురముంటూ కూలి పని చేసుకొని జీవించుచున్నాను. ది. ఫలానా తేదీన..." ఆమె "వాడు నా జడ పట్టుకున్నాడయ్యా" అంటుంది. కాగితం మీద "సదరు వ్యక్తి బలవంతముగా" అని పడుతుంది. జడ పోయింది. రేపు కోర్టులో ఆమె జడ సంగతి చెబితే, స్టేట్‌మెంట్‌లో లేదు కదా, ఇప్పుడు కల్పించి చెబుతున్నావా అని అడుగుతారు. అతను దుర్మార్గంతో రాయలేదు. ఆ భాష అతనికి అలా నేర్పారు. 2013లో చట్టం మారాక ఇలాంటి ఫిర్యాదు మహిళా అధికారి తీసుకోవాలి, నమోదు చేయకపోతే ఆ అధికారికే శిక్ష. పాత పరిచయాల ప్రశ్నలకి కోర్టులో తావు లేదు. చట్టం ఇంత దూరం వచ్చింది, సంతోషమే. కానీ ఆ జడని కాగితం మీద నిలబెట్టే పని ఇంకా మిగిలే ఉంది. నీ కథలో నాలుగో పేజీలో "ఆమెపై దారుణం జరిగింది" అని రాశావు. అది రైటర్ రాసే వాక్యం. నువ్వు రాయాల్సింది ఆమె అన్న మాట.

అలాగని గాయాన్ని విప్పి చూపించమని కాదు. ఇక్కడ నా తప్పు ఒకటి నీకు చెప్పి తీరాలి. జిల్లా పేజీల డెస్క్ మీద ఉన్నప్పుడు ఒక కంట్రిబ్యూటర్ పంపిన వార్త నా చేతికి వచ్చింది. ఇలాంటి కేసుల్లో పేరు బయటపెట్టకూడదని 1983 నుంచి చట్టం ఉంది. పేరు రాయలేదు. కానీ ఊరి పేరు ఉంచాను, తండ్రికి బస్టాండ్ దగ్గర సోడా బండి ఉందన్నది ఉంచాను, ఏ కాలేజీలో ఏ గ్రూపో కూడా ఉంచాను. చదవడానికి నిండుగా ఉంటుందనుకున్నాను. పొద్దున్న పేపర్ పడేసరికి ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆ కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. ఇరవై ఎనిమిదేళ్ళయింది. సోడా బండి కనిపించినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. నువ్వు రాసేది కథే అయినా, నిజంగా తెలిసిన కేసులోంచి ఒక వీధినో, ఒక వృత్తినో తీసుకుంటే ఎవరి తలుపు మీద వేలు పెడుతున్నావో చూసుకో. ఆమె జడ పట్టుకున్న చెయ్యిని రాయొచ్చు, ఆమె ఇంటికి దారి మాత్రం రాయకూడదు.

నీ కథలో అన్నయ్య పాత్ర దగ్గరికి వస్తాను. ఉద్యోగంలోంచి పీకెయ్యాలన్నవాడే రెండు పేజీల తర్వాత "నేరం చేసినవాణ్ణి అక్కడే కాల్చెయ్యాలి" అంటాడు. దాన్ని ఉంచు, అది నిజం. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. టీవీల్లో చూసి మన బంధువులు స్వీట్లు పంచుకున్నారు. ఆ అమ్మాయి కనిపించడం లేదని ఇంటివాళ్ళు వెళ్ళినప్పుడు ఎఫ్ఐఆర్ రాయడంలో ఆలస్యం చేశారని అంతకు వారం ముందే ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. పూలు చల్లిన రోజు ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని 2022లో సిర్పుర్కర్ కమిషన్ చెప్పింది. నీ కథలో అన్నయ్యకి ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో చూడు. అతను ఒక్కసారైనా ఆ అమ్మాయి గురించి మాట్లాడాడా? నీ ప్రతిలో వెతికాను. మాట్లాడలేదు. అదీ నిజమే, అలాగే ఉండనీ.

ఇక చివరిది. ఇది చెప్పాలనే ఇంత పెద్ద ఉత్తరం రాశాను.

2012 అక్టోబర్‌లో బ్రిటన్‌లోనే ఐటీవీలో ఇంకో డాక్యుమెంటరీ వచ్చింది. మార్క్ విలియమ్స్-థామస్ అనే మాజీ డిటెక్టివ్ చేశాడు. అంతకు ఏడాది ముందు చనిపోయిన జిమ్మీ సావిల్ అనే పేరుమోసిన టీవీ వ్యాఖ్యాత చిన్న వయసు అమ్మాయిల మీద లైంగిక దాడులు చేశాడన్న ఆరోపణల గురించి అది. చూసినవాళ్ళలో తిట్టినవాళ్ళు, నమ్మనివాళ్ళు ఎలాగూ ఉన్నారు. కానీ తర్వాతి మూడు నెలల్లో సావిల్ గురించి చెప్పడానికి సుమారు 450 మంది ముందుకొచ్చారని 2013 జనవరిలో పోలీసుల నివేదిక వచ్చింది. ముప్ఫై, నలభై ఏళ్ళు ఎవరితోనూ అనని మాటలు. వాళ్ళూ ప్రేక్షకులే కదమ్మా. ఆ కార్యక్రమం వస్తున్నప్పుడు వాళ్ళలో చాలామంది ఇంట్లోవాళ్ళ మధ్య కూర్చుని ఉంటారు. పక్కవాళ్ళు ఏమంటున్నారో విని, మాట్లాడొచ్చా లేదా అని లోపల్లోపల తేల్చుకుంటూ ఉంటారు.

నీ కథలో మూడో పేజీ మొదట్లో, టీవీలో డిటెక్టివ్ "అరవలేదెందుకు?" అని అడగ్గానే, "చెల్లెలు మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి లేచి వెళ్ళింది" అని ఒక వాక్యం రాశావు. తర్వాత తొమ్మిది పేజీలున్నాయి. ఆ పిల్ల మళ్ళీ కనపడలేదు. తండ్రి మాట్లాడాడు, అన్నయ్య మాట్లాడాడు, తల్లి ఏడ్చింది. మంచినీళ్ళు రాలేదు, ఎవరూ అడగలేదు. నువ్వు తెలిసి రాశావో, చెయ్యి తనంతట తనే రాసిందో నాకు తెలియదు. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో నిలువుగా గీత పెట్టాను.

టీవీ సౌండ్ వంటింట్లోకి ఎంత వినిపిస్తుందో, కుళాయి తిప్పితే ఎంత వినపడకుండా పోతుందో కనుక్కో. హాల్లోంచి అమ్మ అన్న ఆ ఒక్క మాట ఆ చప్పుడులో కూడా వినపడిందా లేదా చూడు. అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టు. దసరాకి ముందు పంపగలిగితే పంపు, లేకపోతే తొందరేం లేదు. అసలు ప్రతి నా దగ్గరే ఉంచుకుంటున్నాను, గీతలతో ఉన్న జిరాక్స్ పంపిస్తున్నాను.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పిన్ని