పాప పుట్టినా సంతోషం లేదు.. నేను కృతజ్ఞత లేనిదాన్నా?

ప్రశ్న: నా వయసు 29. పెళ్లైన ఆరేళ్లకు, ఎన్నో మొక్కుల తర్వాత పాప పుట్టింది. సిజేరియన్ చేశారు. ఇప్పుడు పాపకు ఐదు వారాలు. పుట్టింట్లోనే ఉన్నాను, అమ్మ అన్నీ చూసుకుంటోంది. అయినా రోజూ ఏడుపొస్తోంది. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టదు. ‘ఈ రోజులు మళ్లీ రావు, హాయిగా ఉండు’ అని అందరూ అంటుంటే, ఉన్న రోజులు కూడా పోగొట్టుకుంటున్నానని ఇంకా టెన్షన్. దేవుడు ఇంత ఇచ్చినా సంతోషం లేదంటే నేను కృతజ్ఞత లేనిదాన్నా? - ఒక సోదరి, తణుకు

జవాబు: కాదమ్మా. పాప పుట్టినందుకు మనసు నిండా కృతజ్ఞత ఉన్న తల్లికి కూడా ఏడుపు ఆగకపోవచ్చు. దేవుడికి దండం పెట్టుకుంటే తగ్గిపోయే బాధ కాదు ఇది, మీ తప్పు అంతకన్నా కాదు.

కాన్పులో మాయ బయటకు రాగానే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. అందుకే మూడో రోజో నాలుగో రోజో చాలామంది బాలింతలకు ఊరికే కన్నీళ్లొస్తాయి. ఇది రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోవాలి. మీకు ఐదు వారాలైనా తగ్గలేదు. పైగా పాప పడుకున్నా నిద్ర పట్టడం లేదన్నారు. మీ ఉత్తరంలో నేను ఎక్కువ పట్టించుకున్నది ఆ మాటనే. పాప లేపడం వల్ల నిద్ర చెడటం ప్రతి తల్లికీ ఉండేదే. పడుకునే వీలున్నా నిద్ర రాకపోవడం మాత్రం కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌లో తరచూ చూస్తాం. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే దాదాపు ఐదుగురు బాలింతల్లో ఒకరికి ఈ సమస్య ఉంటోంది. చాలామంది ‘అందరూ ఏమనుకుంటారో’ అని బయటకు చెప్పరు. మీరు చెప్పారు, అది మంచిదైంది.

ఒకసారి మానసిక వైద్యులను కలవండి. పది ప్రశ్నల ఎడిన్‌బరో పరీక్షతో తీవ్రత కొంతవరకు తెలుస్తుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించుకోండి. కాన్పు తర్వాత ఇవి తేడా చేసినా నీరసం, దిగులు వస్తాయి. తీవ్రత తక్కువైతే కౌన్సెలింగ్‌తోనే తగ్గవచ్చు. మందు అవసరమైతే పాలు మాన్పించాలేమోనని భయపడకండి. సెర్ట్రాలిన్ లాంటివి పాలలోకి చాలా తక్కువగా చేరతాయి, పాలిచ్చే తల్లులకు వాడుతూనే ఉన్నాం.

మీ అమ్మగారికి ఒక మాట. రాత్రి పాలు పట్టగానే పాపను త్రేన్పించి నిద్రపుచ్చే పని మీరు తీసుకుని, అమ్మాయిని వేరే గదిలో పడుకోబెట్టండి. పథ్యం పేరుతో మంచినీళ్లు, కూరలు తగ్గించకండి. ‘మళ్లీ రావు’ అనే మాట కూడా కొన్నాళ్లు ఆపేయండి.

గడిచిపోయిన రోజుల గురించీ చెప్పాలి. ఈ ఐదు వారాల్లో పాపకు కావాల్సింది పాలు, ఒంటి వెచ్చదనం, తెలిసిన గొంతు. ఏడుస్తూ ఇచ్చినా మీరు అవన్నీ ఇచ్చారు. పసిపిల్లల ఏడుపు ఆరు వారాలప్పుడే బాగా ఎక్కువగా ఉండి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. అంటే మీరిప్పుడు అన్నిటికన్నా కష్టమైన చోట ఉన్నారు. మనిషిని చూసి నవ్వే నవ్వు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. అది మీకింకా రానే లేదు. ఆ నవ్వు చూసినప్పుడు కూడా వెంటనే ఆనందం కలగకపోతే కంగారుపడొద్దు, చికిత్స పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది.

చనిపోవాలనిపించినా, పాపకు హాని చేయాలన్న ఆలోచన వచ్చినా, ఎవరూ లేకుండానే మాటలు వినిపించినా ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆస్పత్రికి వెళ్లండి, ఒంటరిగా ఉండొద్దు. మాట్లాడటానికి టెలీ మానస్ 14416 నంబరు పగలూ రాత్రీ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇవేవీ లేకున్నా ఈ వారంలోనే డాక్టర్‌ను కలవండి. అది కుదరకపోతే పాపకు ఆరు వారాల టీకాలకు ఎలాగూ వెళ్తారు కదా, ఆ రోజు మీ పేరు మీద కూడా ఓపీ చీటీ రాయించుకోండి.